గడిలో ఇమడని కృష్ణబిలం

సోలాపూర్ తూర్పు భాగంలో ఇంటిభాష తెలుగు. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు బజారులో మరాఠీ, గడప లోపల తెలుగు మాట్లాడతారు. వాళ్ల మగ్గాల మీద నేసిన జకార్డ్ చద్దర్ ఆ ఊరి పేరును దేశమంతా తిప్పింది. చద్దర్ మీది నెమలి అయినా, పువ్వు అయినా ముందు పుట్టేది నూలు మీద కాదు, గళ్ల కాగితం మీద. ఒక్కో గడి ఒక్కో నిర్ణయం: ఇక్కడ పడుగు పోగు పైకి లేవాలా, కిందే ఉండాలా? లేవాలంటే అట్టలో ఆ చోట రంధ్రం పడుతుంది. కాగితాన్ని కంప్యూటర్ తెర, అట్టలను ఎలక్ట్రానిక్ పెట్టె తోసేస్తున్న చోట్ల కూడా గడి మాత్రం గడే.

గడి కంటే చిన్నదేదీ గుడ్డ మీదికి రాదు. నెమలి మెడ వంపును దగ్గరగా చూస్తే మెట్లు మెట్లుగా కనిపించేది అందుకే. వంపు నునుపు తేలాలంటే గళ్లు పెంచాలి. గళ్లు పెరిగితే హుక్కులు పెరుగుతాయి, అట్టలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. అంత ఖర్చు పెట్టలేనప్పుడు, గడిలో పట్టని నీడను ఏ రకం నేతతో నింపితే కంటికి నీడలా కనిపిస్తుందో డిజైన్ గీసేవారు తమ అనుభవంతో తేలుస్తారు.

గెలాక్సీల గుంపుల్లో నిండి ఉన్న వేడి వాయువును కంప్యూటర్‌లో గీయబోయే ఖగోళ శాస్త్రజ్ఞుల కష్టం కూడా ఇదే. వాళ్లూ ఆకాశాన్ని గళ్లుగా కోసుకుంటారు. వాళ్లకూ గడి కంటే చిన్నది అందదు. పైగా వాళ్ల బొమ్మలో అన్నిటికంటే ముఖ్యమైనదే గడి కంటే చిన్నది. కంప్యూటర్‌కూ మగ్గానికీ చుట్టరికం చరిత్రలోనే ఉంది. 1804 ప్రాంతంలో జోసెఫ్ మరీ జకార్డ్ ఫ్రాన్స్‌లో రూపొందించిన మగ్గం అట్టలనే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆదేశాలిచ్చే సాధనంగా ఎంచుకున్నాడు.

ముందు ఆ వాయువు సంగతి చూద్దాం. గెలాక్సీలు ఒంటరిగా ఉండటం తక్కువ. కొన్ని పదులు కలిసి ఉంటే దాన్ని గుంపు అంటారు, వందలూ వేలూ ఉంటే క్లస్టర్. టెలిస్కోపు తీసిన ఫొటోలో గెలాక్సీలే మెరుస్తాయి కనుక క్లస్టర్ అంటే గెలాక్సీలే అనిపిస్తుంది. తూకం వేస్తే లెక్క తిరగబడుతుంది. పెద్ద క్లస్టర్‌లో నూటికి ఎనభై పాళ్లకు పైగా కంటికి కనిపించని కృష్ణ పదార్థం. మిగిలిన మామూలు పదార్థంలో నక్షత్రాల వాటా కొంచెమే. అత్యధిక భాగం గెలాక్సీల మధ్య ఖాళీగా కనిపించే చోట పరుచుకున్న వాయువు. దాని ఉష్ణోగ్రత కోటి డిగ్రీల నుంచి పది కోట్ల డిగ్రీల దాకా ఉంటుంది. సూర్యుడి కేంద్రంలో ఉండేది ఒకటిన్నర కోట్ల డిగ్రీలు.

అంత వేడిదైనా అది ఎంత పలచనంటే, క్లస్టర్ నడిమి భాగం దాటాక లీటరు చోటులో ఒకటి రెండు కణాలే దొరుకుతాయి. లక్షల కాంతి సంవత్సరాల మేర అలా పరుచుకున్నది కాబట్టే మొత్తం కలిపితే గెలాక్సీలన్నిటి నక్షత్రాలకంటే బరువు తూగుతుంది.

కోట్ల డిగ్రీల వాయువు మామూలు వెలుతురులో కనిపించదు, ఎక్స్ కిరణాల్లో వెలుగుతుంది. ఎక్స్ కిరణాలను భూమి వాతావరణం మింగేస్తుంది. అందుకని పరికరాలను పైకి పంపక తప్పదు. 1960ల చివర్లో టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేసి ఆకాశపు ఎక్స్ కిరణాలను కొలవడం మొదలుపెట్టారు. బెలూన్ ఎక్కిన ఎత్తుకు బాగా శక్తివంతమైన కిరణాలే అందుతాయి. క్లస్టర్ వాయువు విడిచే మెత్తని కిరణాలకు ఇంకా పైకి పోవాలి. 1970 డిసెంబరు 12న కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం ఆ పని చేసింది. పెర్సియస్, కోమా, వర్గో క్లస్టర్లు చుక్కలుగా కాక, విశాలమైన కాంతి మచ్చలుగా కనబడ్డాయి. 1976లో ఏరియల్ 5 ఉపగ్రహం పెర్సియస్ వాయువులో ఇనుము ఆనవాలు పట్టింది. ఇనుము తయారయ్యేది నక్షత్రాల్లో. గెలాక్సీల్లో నక్షత్రాలు పేలి వెదజల్లిన పదార్థం బయటి వాయువులో కలిసిందనడానికి అది సాక్ష్యం.

ఇంత వేడి ఎక్కడిది? మంటదేమీ కాదు, పడటం వల్ల వచ్చింది. క్లస్టర్ గురుత్వానికి లోపలికి లాగబడే వాయువు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో వచ్చి, అప్పటికే అక్కడున్న వాయువును ఢీకొంటుంది. పడే వేగమంతా కణాల విడివిడి కదలికగా మారుతుంది. కణాల కదలికనే వేడి అంటాం. పెద్ద క్లస్టర్‌లో పతనం వేగం ఎక్కువ కాబట్టి వేడి ఎక్కువ. చిన్న గుంపులో సెకనుకు మూడు నాలుగు వందల కిలోమీటర్లే కాబట్టి వేడి కోటి డిగ్రీల దగ్గర ఆగుతుంది. కథ ఇంతటితో ముగిస్తే దీన్ని కంప్యూటర్‌లో గీయడం, అంటే సిమ్యులేషన్, సులువే. గురుత్వం, వాయు ప్రవాహం: ఈ రెండింటి సూత్రాలూ కాగితం మీద ఉన్నాయి.

అయినా మొదటి పరీక్షలోనే తేడా బయటపడింది. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా పేరుతో పిలిచే ఒక పోలికలో, పన్నెండు కంప్యూటర్ ప్రోగ్రాములకు ఒకే క్లస్టర్ తొలి స్థితిని ఇచ్చి పెరగనిచ్చారు. కార్లోస్ ఫ్రెంక్ తదితరులు ఫలితాలను 1999లో ప్రచురించారు. కృష్ణ పదార్థం విషయంలో అన్నీ దాదాపు ఒకే మాట చెప్పాయి. వాయువు దగ్గర, అదీ క్లస్టర్ నట్టనడుమ, రెండు జట్లుగా చీలిపోయాయి. ఆకాశాన్ని గళ్లుగా కోసిన ప్రోగ్రాముల్లో నడిమి వాయువు ఎక్కువ వేడిగా, పలచగా తేలింది. వాయువును ముద్దలుగా విడగొట్టి కదిలించిన ప్రోగ్రాముల్లో చల్లగా, చిక్కగా తేలింది. భౌతిక సూత్రాలు ఒకటే, తొలి స్థితి ఒకటే. తేడా అంతా చిన్న చిన్న సుడులు ఒకదానిలో ఒకటి ఎలా కలుస్తాయన్న దగ్గర వచ్చింది. కృష్ణబిలాన్ని లెక్కలోకి తేకముందే, గడి కంటే చిన్న సుడి మొత్తం బొమ్మను మార్చేసింది.

అసలు చిక్కు చల్లారడంతో వస్తుంది. వెలిగే వాయువు శక్తిని పోగొట్టుకుంటుంది. నడుమ చిక్కగా ఉన్న వాయువు ఇంకా త్వరగా పోగొట్టుకుంటుంది. చాలా క్లస్టర్ల కేంద్రంలో అది వంద కోట్ల సంవత్సరాల లోపే చల్లారాలి. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. అంటే చల్లారిన వాయువు కేంద్రానికి ధారగా జారి, ఏడాదికి వందల సూర్యుళ్ల బరువున కొత్త నక్షత్రాలు పుట్టిస్తూ ఉండాలి. 1977 నుంచి రెండు దశాబ్దాలపాటు ఈ అంచనా చెలామణిలో ఉంది. 1999 డిసెంబరులో ఎగిరిన ఎక్స్‌ఎంఎం న్యూటన్ ఉపగ్రహం పంపిన వర్ణపటాలను 2001లో విప్పి చూస్తే, ఉండాల్సిన చల్లని వాయువు జాడే లేదు. వాయువు కొంతవరకు చల్లారుతోంది, ఆ తర్వాత ఏదో దాన్ని ఆపుతోంది. ఎవరో మళ్లీ వేడి చేస్తున్నారు.

చేస్తున్నది క్లస్టర్ నడుమ ఉన్న పెద్ద గెలాక్సీలోని కృష్ణబిలం. సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని పెర్సియస్ క్లస్టర్‌లో ఎక్స్ కిరణాల బొమ్మ నడుమ చీకటి బొరియలు కనిపించాయి. రేడియో టెలిస్కోపుతో చూస్తే అవే బొరియలు కృష్ణబిలం చిమ్మిన పదార్థంతో నిండి ఉన్నాయి. కృష్ణబిలంలో పడబోయే వాయువులో కొంత భాగం రెండు వైపులా జెట్లుగా ఎగజిమ్మి, వేడి వాయువును పక్కకు తోసి బుడగలు ఊదుతోంది. 2003లో చంద్రా ఉపగ్రహం తీసిన చిత్రాల్లో ఆ బుడగల చుట్టూ ధ్వని తరంగాల వలయాలను ఆండ్రూ ఫేబియన్ బృందం గుర్తించింది. ఆ ఉపగ్రహానికి ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే పెట్టారు.

ఇంతకంటే పెద్ద బుడగ కథలో సోలాపూర్ పొరుగుకు పాత్ర ఉంది. పుణె దాటి నారాయణ్‌గావ్ దగ్గరి ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసం ఉన్న ముప్పై డిష్షులు పొలాల మధ్య నిలబడి ఉంటాయి. అదే జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు. సుమారు 39 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒఫియూకస్ క్లస్టర్‌లో వాయువు అంచు ఒకచోట వింతగా వంగి ఉందని చంద్రా చిత్రాల్లో ముందే తెలుసు. అంత పెద్ద బొరియ ఊదడానికి కావలసిన శక్తి నమ్మశక్యం కానిది కనుక అది బుడగ కాదేమోనని తొలుత పక్కన పెట్టారు. జీఎంఆర్‌టీ సమాచారమూ, ఆస్ట్రేలియాలోని మర్చిసన్ టెలిస్కోపు సమాచారమూ కలిపి చూసినప్పుడు ఆ వంపు లోపల రేడియో వెలుగు అంచుకు అంచు సరిపోయింది. సిమోనా జియాచింటుచ్చి నాయకత్వంలోని బృందం 2020లో దీన్ని ప్రకటించింది. అంతకుముందు తెలిసిన అతి పెద్ద విస్ఫోటనం కంటే దీని శక్తి అయిదు రెట్లు.

ఇప్పుడు కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే గడి సమస్య తీవ్రత తెలుస్తుంది. వర్గో క్లస్టర్ నడుమ ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం 650 కోట్ల సూర్యుళ్ల బరువు. 2019లో దాని నీడ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ కృష్ణబిలం అడ్డుకొలత దాదాపు 3,800 కోట్ల కిలోమీటర్లు, అంటే వెలుతురు ఒకటిన్నర రోజులో దాటేస్తుంది. అది కాపలా కాసే వాయువును దాటడానికి వెలుతురుకు లక్షల ఏళ్లు కావాలి. ఈ రెండిటినీ ఒకే కాగితం మీద గీయగల కంప్యూటర్ ఏ దేశంలోనూ లేదు. ఐలస్ట్రిస్ టీఎన్‌జీ అనే అంతర్జాతీయ సిమ్యులేషన్ల కుటుంబంలో పెద్దదైన టీఎన్‌జీ300ను తీసుకుంటే, దాదాపు వంద కోట్ల కాంతి సంవత్సరాల విశ్వాన్ని 3,100 కోట్లకు పైగా ముక్కలుగా విడగొట్టారు. అయినా అందులో వాయువు ముక్క ఒక్కోటి కోటి సూర్యుళ్లకు పైగా బరువు. కృష్ణబిలం తినే ముద్ద అంతకంటే ఎన్నో రెట్లు చిన్నది.

అందుకే గడి లోపల జరిగేదానికి ఒక సూత్రం రాసి పెడతారు: ఇంత వాయువు దగ్గరికి వస్తే కృష్ణబిలం ఇంత తింటుంది, తిన్నదాంట్లో ఇన్ని పాళ్లు శక్తిగా తిరిగి ఇస్తుంది. ఆ "ఇన్ని పాళ్లు" ప్రకృతి చెప్పిన సంఖ్య కాదు, రాసినవాళ్లు ఎంచుకున్నది. ఈ రంగంలో నిజాయితీ అంతా ఆ ఎంపిక దగ్గరే తేలుతుంది.

మన దేశంలో ఈ ప్రశ్నను పట్టుకుని లోతుగా పని చేసినవారిలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)కి చెందిన ప్రతీక్ శర్మ ముఖ్యులు. మైకేల్ మెక్‌కోర్ట్, ఎలియట్ క్వాటర్ట్, ఇయాన్ ప్యారిష్‌లతో కలిసి 2012లో ఆయన ఒక సరళమైన గుర్తు చూపించారు. వాయువు చల్లారడానికి పట్టే కాలాన్ని, అదే వాయువు కేంద్రానికి పడిపోవడానికి పట్టే కాలంతో భాగించాలి. ఆ భాగఫలం పది దగ్గరికి దిగితే వేడి వాయువులోంచి చల్లని తునకలు విడివడి కిందికి జారతాయి. పైన ఉంటే జారవు. ఖగోళ శాస్త్రజ్ఞులు దీన్ని నిజంగానే వర్షం అంటున్నారు. తర్వాత ఐఐఎస్‌సీ విద్యార్థి దేవవ్రత్ ప్రసాద్, ప్రతీక్ శర్మ, కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరిఫ్ బాబుల్ కలిసి 2015లో ప్రచురించిన సిమ్యులేషన్లలో ఆ వర్షం కురిస్తే ఏమవుతుందో చూశారు. చల్లని వాయువు పడగానే కృష్ణబిలానికి ఒక్కసారిగా మేత దొరుకుతుంది. జెట్లు విజృంభిస్తాయి. చుట్టూ వాయువు అవసరానికి మించి వేడెక్కుతుంది, వర్షం ఆగుతుంది. మేత లేక కృష్ణబిలం శాంతిస్తుంది. వాయువు మెల్లగా చల్లారి మళ్లీ వర్షిస్తుంది.

ఈ చక్రం ఎంత బాగున్నా, ఆ పరిశోధనలో అసలు గట్టి భాగం ఒక చిన్న సంఖ్య. వాళ్లు వాయువు రాకను కృష్ణబిలం అంచున కొలవలేదు, కొలవలేరు. మూడు వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో కొలిచారు. అక్కడ లోపలికి దాటిన పదార్థపు శక్తిలో లక్షకు ఆరు పాళ్లు జెట్‌గా తిరిగొచ్చినా చాలు, చల్లారే వేగం పదో వంతుకు పడిపోతుందని తేలింది. అంతకుముందు వాడిన సంఖ్యలు దీనికంటే చాలా పెద్దవి. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ క్లస్టర్ నడుమ ఎక్కువ వేడెక్కి వర్షం అరుదవుతుంది. కాని నిజమైన క్లస్టర్లలో చల్లని వాయువు తంతువులు టెలిస్కోపులకు కనిపిస్తున్నాయి. అంటే ఎంచుకున్న సంఖ్యను ఆకాశంతో పోల్చి చూసుకోవాలి.

వాయువును గళ్లలో పట్టే ఈ ఇబ్బంది సోలాపూర్ జనానికి మరో రూపంలో తెలిసినదే. పడమటి కనుమలు వాన మబ్బులను అడ్డుకునే ప్రాంతం అది. 2018, 2019 వానాకాలాల్లో పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం శాస్త్రజ్ఞులు సోలాపూర్ పైన మబ్బుల్లోకి విమానాలు పంపి, 276 మబ్బులను ఎంపిక చేసి, కొన్నిటిలో ఉప్పు కణాలు చల్లారు, కొన్నిటిని వదిలేశారు. చల్లిన చోట వాన సుమారు 18 శాతం పెరిగిందని వారి ఫలితం. వాతావరణ నమూనాలో గడి కిలోమీటర్ల వెడల్పు. వాన చుక్క పుట్టే చోటు మిల్లీమీటరులో వందో వంతు. అక్కడా మధ్యలో జరిగేదానికి సూత్రం రాసి పెట్టుకోవలసిందే. ఒక తేడా ఉంది, అది పెద్ద తేడా: మబ్బులోకి విమానం పోగలదు. పెర్సియస్‌లోకి ఏదీ పోలేదు.

క్లస్టర్లలో ఇప్పటికి కాస్త నమ్మకం కుదిరింది. గుంపుల్లో మాత్రం సమస్య నడినెత్తిన ఉంది. క్లస్టర్ గురుత్వం బలమైనది. కృష్ణబిలం ఎంత తన్నినా వాయువు పైకి లేచి మళ్లీ కిందికే వస్తుంది. గుంపు గురుత్వం బలహీనం. అక్కడి కృష్ణబిలం మాత్రం చెప్పుకోదగ్గంత పెద్దదే. అది చిమ్మే శక్తి వాయువును మొత్తంగా గుంపు దాటించి బయటకు నెట్టేయగలదు. 2014లో వచ్చిన మొదటి ఐలస్ట్రిస్‌లో సరిగ్గా అదే జరిగింది. గెలాక్సీల బొమ్మలు అద్భుతంగా కుదిరాయి. గుంపుల్లో వాయువు మాత్రం కొలిచినదానికంటే చాలా తగ్గిపోయింది. ఆ బృందం ఈ లోపాన్ని తానే బయటపెట్టి, కృష్ణబిలం సూత్రాన్ని మార్చి టీఎన్‌జీని తయారు చేసింది. శాస్త్రంలో ఇది మెచ్చుకోవలసిన నడవడి.

2023లో నెదర్లాండ్స్ లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోప్ షాయే బృందం ఫ్లమింగో అనే సిమ్యులేషన్లను విడుదల చేసింది. అందులో ఇంకో దారి తొక్కారు. గుంపుల్లో, క్లస్టర్లలో కొలిచిన వాయువు వాటాకు సరిపోయేలా సూత్రాలను ముందే సరిచేశారు. ఆ కొలతే తప్పయితే ఏమవుతుందని, వాయువును కావాలనే ఎక్కువ తక్కువలు చేసి వేరే విశ్వాలనూ నడిపారు. కొలతకు సరిచేసిన సిమ్యులేషన్ అదే కొలతకు సరిపోతే అందులో గొప్ప లేదు. సరిచేయనిదేదైనా చెప్పగలిగితేనే దానికి విలువ. ఈ సంగతి దాచకుండా, ఏది సరిచేశారో ఏది సరిచేయలేదో రాసి పెట్టే బృందాలను నమ్మవచ్చు.

అలాంటి సరిచేయని పరీక్ష ఒకటి 2016లో దొరికింది. జపాన్ హితోమీ ఉపగ్రహం ఫిబ్రవరి 17న ఎగిరి మార్చి 26న చెడిపోయింది. ఆ కొద్ది వారాల్లోనే పెర్సియస్ నడిమి వాయువు ఎంత అల్లకల్లోలంగా ఉందో కొలిచి వెళ్లింది: సెకనుకు 164 కిలోమీటర్లు. అదే వాయువులో ధ్వని వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్ల స్థాయి. అన్ని జెట్ల మధ్య, అన్ని బుడగల మధ్య వాయువు అంత నెమ్మదిగా ఉందంటే చాలామంది ఆశ్చర్యపోయారు. తర్వాత 352 క్లస్టర్లను దగ్గరగా గీసిన టీఎన్‌జీ-క్లస్టర్ సిమ్యులేషన్‌లో పెర్సియస్‌ను పోలినవాటిని హితోమీ కంటితో చూస్తే అలాంటి వేగాలే కనిపించాయి. సంతోషించదగ్గ విషయమే. హితోమీకి వారసురాలిగా 2023 సెప్టెంబరు 7న ఎగిరిన ఎక్స్‌రిజమ్ కోమా క్లస్టర్‌ను చూసేసరికి అక్కడి అల్లకల్లోలం సిమ్యులేషన్లు ఊహించినదానికంటే తక్కువగా ఉంది. అంటే పని మిగిలే ఉంది.

గుంపుల వైపు నుంచి వస్తున్న వార్త ఇంకా పదునైనది. విశ్వపు తొలి వెలుగు మన దాకా వచ్చే దారిలో వేడి వాయువును తాకి కొద్దిగా మారుతుంది. చిలీలోని అటకామా టెలిస్కోపుతో ఆ మార్పును కొలిచి, డెజీ సర్వే గుర్తించిన గెలాక్సీల స్థానాలతో కలిపి 2024లో లెక్క వేస్తే, వాయువు కృష్ణ పదార్థం కంటే చాలా దూరం పరుచుకుని కనిపించింది; టీఎన్‌జీ లెక్క చెప్పినదానికన్నా బయటికి. గుంపుల్లోంచి వాయువు అంత దూరం వెళ్లిపోయిందంటే విశ్వంలో పదార్థం మొత్తం పరుచుకున్న తీరే కొంత మారుతుంది. 2023 జులైలో ఎగిరిన యూక్లిడ్ టెలిస్కోపు కొలిచేది ఆ తీరునే. వాయువు లెక్క తప్పితే కృష్ణ పదార్థం లెక్క కూడా తప్పుతుంది.

ఈ లెక్కలు పెద్ద సంస్థల గోడల మధ్యే ఉండిపోలేదు. టీఎన్‌జీ సమాచారాన్ని 2018 డిసెంబరు నుంచి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. సోలాపూర్‌లో ఎమ్మెస్సీ చదివే ఒక నేత కుటుంబపు పిల్ల పేరు నమోదు చేసుకుని, ఒక గుంపును ఎంచుకుని, దాని వాయువు వాటాను తన ల్యాప్‌టాప్‌లో లెక్కగట్టి, ప్రచురించిన సంఖ్యతో పోల్చి చూడగలదు. మొత్తం సిమ్యులేషన్ నడపడానికే సూపర్ కంప్యూటర్ కావాలి. దాన్ని ప్రశ్నించడానికి అక్కర్లేదు.

గుంపుల్లో వాయువు వేగాన్ని నేరుగా కొలవడానికి మాత్రం ఇంకా ఆగాలి. ఎక్స్‌రిజమ్‌లో పరికరం ముందున్న రక్షణ కవాటం తెరుచుకోలేదు. దాని పల్చటి బెరీలియం కిటికీ గట్టి ఎక్స్ కిరణాలను లోపలికి రానిస్తుంది, మెత్తనివాటిని ఆపేస్తుంది. కోటి డిగ్రీల దగ్గరున్న గుంపు వాయువు విడిచేవాటిలో ఎక్కువ భాగం ఆ మెత్తని కిరణాలే. ఐరోపా అంతరిక్ష సంస్థ వాటికోసం తయారు చేయబోయే న్యూఅథీనా 2030ల రెండో సగంలో ఎగరాలి. అప్పటిదాకా గుంపుల వాయువు గురించి చెప్పేవి ఈరోసిటా టెలిస్కోపు గీసిన ఎక్స్ కిరణాల పటం, చిలీ టెలిస్కోపుల కొలతలు, ఖోడద్ డిష్షులు పట్టే బుడగలు. వాటితో తూచి చూసుకోవడానికి, గడిలో పట్టని కృష్ణబిలానికి తలా ఒక సూత్రం రాసుకున్న సిమ్యులేషన్లు.